డ్యూటీ ఎనిమిది గంటలే, జీతం బాగానే ఉంది. అయినా ఇంటికొచ్చాక మనశ్శాంతి ఎందుకు ఉండదు?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెప్తాను. మీది పార్వతీపురం. ఒడిశాలోని రాయగడ దగ్గర ఒక ప్రైవేటు ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా చేస్తున్నారు. జీతం టైముకి పడుతోంది, క్వార్టర్ ఇచ్చారు, కాగితం మీద డ్యూటీ 8 గంటలే. అయినా నిద్ర పట్టడం లేదు, ఇంట్లో చిన్న మాటకే విసుగొస్తోంది, పాపతో కూర్చున్నా చెయ్యి ఫోన్ మీదికే పోతోంది. "నాకే ఓర్పు తక్కువా, లేక ఇక్కడి వాతావరణమే అలాంటిదా? మానేయాలా మేడమ్?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ ఓర్పులో లోపం లేదు. అలాగని రేపే రాజీనామా ఇవ్వాల్సినంత పరిస్థితీ మీరు రాసినదాంట్లో నాకు కనబడలేదు. మీ ప్రాణం తీస్తున్నది డ్యూటీ ఎప్పుడు అయిపోతుందో తెలియకపోవడం. రిలీవర్ (మీ తర్వాత డ్యూటీ ఎక్కాల్సినవాడు) వస్తాడో రాడో తెలియదు, ఇంటికెళ్ళాక ఫోన్ వస్తుందో రాదో తెలియదు, సెలవు పెడితే ఇస్తారో ముఖం మాడ్చుకుంటారో తెలియదు. ఇవన్నీ మీ సెక్షన్ అలవాట్లు. కంపెనీ రూల్సు పుస్తకంలో ఎక్కడా ఉండవు. అలవాట్లు కాబట్టే కొన్నిటిని మార్చవచ్చు. మారకపోతే ముందు సెక్షన్ మారండి. కంపెనీ మారడం ఆ తర్వాతి మాట.

నేను అన్‌డివైడెడ్ కొరాపుట్ ప్రాంతంలోని ఫ్యాక్టరీల్లో లేబర్ వెల్ఫేర్ ఆఫీసర్‌గా చేరి, తర్వాత పర్సనెల్ (ఉద్యోగుల వ్యవహారాల) డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైర్ అయినదాన్ని. 500 మంది, అంతకు మించి వర్కర్లున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టింది కాబట్టి నాలాంటివాళ్ళకి ఉద్యోగాలు వచ్చాయి. నేను ఎక్కడెక్కడ చేశానో పేర్లు చెప్పను.

కొత్త సెక్షన్‌కి వెళ్ళినప్పుడల్లా నేను మొదట గమనించేది ఒక్కటే: నిన్న సెలవు తీసుకున్నవాడికి ఈరోజు ఏం జరుగుతోంది? వాడు రాగానే "పాపకి జ్వరం తగ్గిందా?" అని అడిగి పని అప్పజెప్పారా? లేక "రండి సార్, రెస్టు బాగా దొరికిందా" అని నలుగురిలో వెటకారమాడారా? రెండోదైతే ఆ సెక్షన్‌లో ఈఎల్ (జీతంతో వచ్చే సెలవు) లెక్క ఎంత పేరుకున్నా ఎవరూ వాడుకోరు. కడుపులో నొప్పి పెట్టుకుని కూడా గేటు లోపలికి వస్తారు. పర్సనెల్ డిపార్ట్‌మెంట్ సర్క్యులర్లు ఎన్ని తీసినా ఆ ఒక్క వెటకారం ముందు పనిచేయవు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒకే ఫ్యాక్టరీ, పక్కపక్కన రెండు సెక్షన్లు. జీతాలు, గంటలు, క్యాంటీను అన్నీ ఒకటే. ఒక సెక్షన్‌లో గైరుహాజరు ఎక్కువ, బీపీ మందులు మింగేవాళ్ళు ఎక్కువ, చీటికీమాటికీ తగువులు. రెండోది ప్రశాంతం. పనిభారంలో తేడా ఉందేమో అనుకుంటారు. నిజానికి ప్రశాంతంగా ఉన్న సెక్షన్‌లోనే యంత్రాలు పాతవి, బ్రేక్‌డౌన్లు ఎక్కువ. తేడా అంతా షిఫ్ట్ మారే పావుగంటలో ఉంది. మొదటి సెక్షన్‌లో, దిగే షిఫ్ట్‌లో ఏదైనా యంత్రం ట్రిప్ అయి ఆగిపోతే అది బాగయ్యేదాకా పాత షిఫ్ట్ వాళ్ళు కదలకూడదు. రిలీవర్ రాకపోతే ఉన్నవాడే డబుల్ కొట్టాలి, అంటే వరసగా రెండు షిఫ్టులు చేయాలి. రెండోదాని ఇన్‌చార్జ్ ఒక బెర్హంపూర్ తెలుగాయన. ఆయన పద్ధతేమిటంటే లాగ్‌బుక్‌లో లోపం రాయి, కొత్త షిఫ్ట్ వాడికి చూపించు, సంతకం పెట్టించు, ఇంటికి వెళ్ళు. ఏ వారం ఎవరు స్టాండ్‌బై అన్నది ముందే నోటీస్ బోర్డు మీద ఉండేది. స్టాండ్‌బై కూడా రాకపోతే జనరల్ షిఫ్ట్ నుంచి ఒకరిని లాగేవాడు, లేదా తనే నిలబడేవాడు. ఆయన మాట కటువు, ఎవరినీ పొగిడేవాడు కాదు. అయినా ఆ సెక్షన్ నుంచి బదిలీ అడిగినవాళ్ళు నాకు గుర్తు లేరు. సినిమాకి టిక్కెట్లు ముందే తీసుకోగలిగేవాళ్ళు, అంతకంటే ఏం కావాలి?

దీని మీద పరిశోధన కూడా ఉంది. రాబర్ట్ కరాసెక్ అనే ఆయన 1979లో ఒక మాట తేల్చాడు: పని ఒత్తిడి ఎక్కువగా ఉండడం ఒక్కటే మనిషిని కుంగదీయదు, ఒత్తిడి ఎక్కువై, దాని మీద తన చేతిలో ఏ అధికారమూ లేనప్పుడు కుంగదీస్తుంది. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనాల్లో కూడా, పెద్ద బాధ్యతలు మోసే పై ఆఫీసర్లకంటే కింది మెట్ల ఉద్యోగుల్లోనే గుండెజబ్బు మరణాలు ఎక్కువని కనిపించింది. "పెద్దాయనకి ఎంత టెన్షనో" అంటుంటారు కదా. టెన్షన్ ఆయనకీ ఉంటుంది, కాకపోతే మీటింగ్ ఎప్పుడు ముగించాలో ఆయన చేతిలో ఉంటుంది.

గంటలు లెక్కలోకి రావని నేననడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. మీ 8 గంటలకి ముందూ వెనకా పోయేది కలుపుకుని చూడండి. 55కి చేరడం పెద్ద కష్టమేం కాదు.

ఇక్కడ మీలాంటివాళ్ళకి తెలియని చిక్కు ఒకటుంది. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వర్కర్‌కి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు హద్దు. దాటితే రెట్టింపు రేటుకి ఓవర్‌టైమ్ (ఓటీ), అదీ వర్కర్ సమ్మతితోనే. ఏడాదిలో 180 రోజులు పనిచేస్తే చాలు, ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు (పాత చట్టంలో 240 రోజులు ఉండాలి). బాగానే ఉంది. కానీ నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్ ఆ నిర్వచనంలో వర్కరే కాడు. అంటే మీ కింద పనిచేసే ఆపరేటర్‌కి గంటల హద్దు ఉంది, మీకు లేదు. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లు, జూనియర్ ఇంజనీర్లు ఎప్పుడు ఇంటికి వెళ్తారన్నది చట్టం తేల్చదు, సెక్షన్ అలవాటు తేలుస్తుంది. ఆపరేటర్ మధ్యాహ్నం రెండింటికి పంచ్ కొట్టి వెళ్ళిపోతుంటే మీరు నాలుగైనా ఎందుకు కదల్లేకపోతున్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సమ్మతి అన్నాను కాబట్టి మన ప్రాంతం గురించి ఒక మాట. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో ఒత్తిడి ఆర్డరు రూపంలో రాదు. వరస పెట్టుకుని వస్తుంది. "బావా, ఈ ఒక్కరోజుకి ఆగు." "మావయ్యా, నీ చేతి మీద నడుస్తున్న మిషను కదా, నువ్వు కాకపోతే ఎవరు?" ఆ పిలిచినవాడే మిమ్మల్ని ఉద్యోగంలో పెట్టించాడు. వాడి చెల్లెలి పెళ్ళికి మీరు భోజనం చేసొచ్చారు. ఎలా కాదంటారు? ఆర్డరు ఇస్తే యూనియన్‌కి చెప్పొచ్చు, పిటిషన్ రాయొచ్చు. బావ అడిగినదానికి ఎవరికని చెప్తారు? నేను చూసిన డబుల్ డ్యూటీల్లో చాలావాటికి కాగితమే ఉండేది కాదు, సి-ఆఫ్ (అదనపు డ్యూటీకి బదులు ఇచ్చే సెలవు) కూడా "నేను చూసుకుంటాలే" అన్న మాట మీదే నడిచేది. వరసలు మంచివే. కష్టంలో ఆదుకునేదీ ఆ బావే. కానీ డ్యూటీ లెక్క మాత్రం కాగితం మీదికి రావాలి.

భాష సంగతి కూడా ఉంది. మీటింగ్ హిందీలో, సేఫ్టీ పాఠం ఒడియాలో, టీ దగ్గర కబుర్లు తెలుగులో. తెలుగు ఇన్‌చార్జ్ ఉన్నచోట తెలుగు కుర్రాళ్ళకి రోస్టర్ కాస్త అనుకూలంగా ఉంటుందని ఒడియావాళ్ళు అనుకుంటారు, అటు ఇన్‌చార్జ్ అయితే ఇటువాళ్ళు అనుకుంటారు. సగం సందర్భాల్లో అది నిజమే కూడా. కువి అనే గిరిజన భాష మాట్లాడే కాంట్రాక్ట్ కూలీలైతే ఏ భాషలోనూ ఫిర్యాదు చేయరు, పనికి రావడం మానేస్తారంతే. సంక్రాంతి వస్తే ఈ గొడవ బయటపడుతుంది. ఒడిశాలో మకర సంక్రాంతి ఒక్కరోజు, మనకి భోగి, కనుమ కలిపి మూడు రోజులు. అందరూ ఒకేసారి రైలెక్కితే ప్లాంటు ఎవరు నడపాలి? ఒక ఇన్‌చార్జ్ దీనికి తేలికైన దారి పట్టాడు. జూన్ మధ్యలో వచ్చే ఒడియావాళ్ళ రజో పండక్కి తెలుగువాళ్ళు డ్యూటీ చేస్తారు, జనవరిలో ఒడియావాళ్ళు చేస్తారు. డిసెంబర్‌లోనే పేర్లు రాసి అంటించేవాడు. ఆ సెక్షన్‌లో పండగ తగువు మళ్ళీ నా దాకా రాలేదు.

మీరు ఉండేది టౌన్‌షిప్ క్వార్టర్ కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. సిటీలో ఆఫీసు నుంచి బయటపడితే బాస్ ముఖం మర్నాటిదాకా కనబడదు. టౌన్‌షిప్‌లో ఆయన పక్క వీధిలోనే ఉంటాడు. సాయంత్రం కూరగాయల దగ్గర ఆయనే, ఆదివారం మజ్జిగౌరమ్మ గుడి క్యూలో ఆయనే, క్లబ్‌లో మీ ఆవిడ కూర్చునేది వాళ్ళావిడ పక్కనే. "మీవాడు నిన్న తొందరగా వచ్చేశాడటగా" అని ఆమె సరదాకే అన్నా, ఆ మాట రాత్రి మీ ఇంట్లో గొడవవుతుంది. నాకు తెలిసిన ఒక ఇంజనీరు భార్య, భర్త సెలవులో ఉన్నప్పుడు పగలు బట్టలు ఆరేయడానికి కూడా ఆయన్ని డాబా మీదికి రానిచ్చేది కాదు, "చూస్తే ఏమనుకుంటారో" అని. నవ్వొస్తుంది గానీ ఆ ఇంట్లో విశ్రాంతి అనేదే లేదు. వీలైతే వారాంతపు సెలవు టౌన్‌షిప్‌లో గడపకండి. మీకు పార్వతీపురం రైల్లో దగ్గరే. నిద్రపోవడానికైనా సరే, వెళ్ళి రండి.

వాట్సాప్ గ్రూపు గురించి మీరు రెండు పేరాలు రాశారు. చాలామంది బాధ అదే. రాత్రి పదకొండింటికి ప్లాంట్ హెడ్ ఒక లీకేజీ ఫోటో పెడతాడు. నిమిషంలో పన్నెండు బొటనవేళ్ళు లేస్తాయి. ఎవరి వేలు లేవలేదో ఆయన చూశాడో లేదో తెలియదు, కానీ అందరూ చూశాడనే అనుకుంటారు. సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) చేసి పగలు పడుకున్నవాడి పరిస్థితి ఇంకా ఘోరం, వాడి అర్ధరాత్రి మధ్యాహ్నం పన్నెండింటికి వస్తుంది. ఫ్రాన్స్‌లో డ్యూటీ అయ్యాక ఫోన్‌కి దూరంగా ఉండే హక్కు 2017 నుంచి చట్టంలో ఉంది. మన దగ్గర ప్రైవేటు మెంబర్ బిల్లులు వచ్చాయి గానీ చట్టం కాలేదు. అందాకా పనిచేసే ఉపాయం నేను చూసింది ఒక్కటే: అర్జెంటైతే ఫోన్ చెయ్యాలి, గ్రూపులో పెట్టిందేదీ అర్జెంటు కాదు. ఈ ఒక్క రూలు హెడ్ నోటితో చెప్పించగలిగితే చాలు. అలా పెట్టుకున్న చోట నిజంగా ఫోన్ వచ్చేది అరుదు. ఎందుకంటే ఫోటో పెట్టడం సులువు, అర్ధరాత్రి మనిషిని లేపడానికి పెట్టేవాడికే మొహమాటం.

యోగా గురించి కూడా చెప్పేస్తాను, హెచ్ఆర్ వాళ్ళు కోపగించుకున్నా సరే. జూన్ 21న సి షిఫ్ట్ దిగినవాళ్ళని ఇంటికి పంపకుండా గ్రౌండ్‌లో కూర్చోబెట్టి ఫోటోలు తీయించిన చోటు నాకు తెలుసు. పేరు మాత్రం ఉద్యోగుల సంక్షేమం. యోగా మీద నాకేం పగ లేదు, నేనూ చేస్తాను. కానీ రిలీవర్ లేని సెక్షన్‌కి ముందు రిలీవర్‌ని ఇవ్వాలి.

రూలు ఉన్నా అలవాటు అడ్డుపడడానికి ఇంకో ఉదాహరణ ఆడవాళ్ళ సెలవులు. 2024 ఆగస్టు 15న ఒడిశా ప్రభుత్వం మహిళా ఉద్యోగులకు నెలకొక రోజు నెలసరి సెలవు ప్రకటించింది. మంచి పనే. ల్యాబ్‌లో ఒక్కతే అమ్మాయి ఉండి, సెలవు అడగాల్సింది మగ ఇన్‌చార్జ్‌ని, అదీ అందరి ముందు అయితే ఆమె అడుగుతుందా? కారణం రాయనక్కర్లేకుండా ఒక కోడ్ వేసి ఫారం పెట్టెలో పడేసే ఏర్పాటు ఉంటే అడుగుతుంది. మీ షిఫ్ట్‌లో అమ్మాయిలుంటే ఆ ఏర్పాటు మీరే చేయండి, దానికి హెడ్ ఆఫీసు పర్మిషన్ అక్కర్లేదు.

ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. ఓటీ ఎప్పుడూ బలవంతమే అనుకోకండి. ఇల్లు కట్టుకుంటున్నవాడు, చెల్లెలి పెళ్ళి పెట్టుకున్నవాడు, కొడుకుని వైజాగ్‌లో కోచింగ్‌కి చేర్చినవాడు ఓటీ కోసం నా టేబుల్ దగ్గర పోట్లాడేవాళ్ళు. ఒకసారి కొత్త మేనేజర్ మంచి ఉద్దేశంతోనే ఓటీ ఆపేస్తే క్వార్టర్లలో గొడవలు పెరిగాయి, ఎందుకంటే ఇంటి లెక్కలన్నీ ఓటీని కలుపుకునే వేసుకున్నారు. కాబట్టి మీ కిందివాళ్ళకి "పాపం, ఇంటికెళ్ళు" అనే ముందు అడిగి చూడండి. కొందరికి ఇంటికెళ్ళడంకంటే ఈఎమ్ఐ కట్టడమే మనశ్శాంతి.

ఇక మీరు చేయాల్సింది. ఒక నెలపాటు చిన్న డైరీ పెట్టుకోండి: నిజంగా గేటు దాటిన టైము, డ్యూటీ అయ్యాక వచ్చిన ఫోన్లు, అందులో నిజంగా మీరే కావాల్సినవి ఎన్ని, అడిగి దొరకని సెలవులు. ఆ కాగితం పట్టుకుని మీ హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి వెళ్ళండి. "స్ట్రెస్‌గా ఉంది సార్" అనకండి. ఆ మాట వినగానే ఆయన తన స్ట్రెస్ కథ మొదలుపెడతాడు. ఒకే ఒక్కటి అడగండి: "రిలీవర్ రాకపోతే ఎన్ని నిమిషాల వరకు నేను ఆగాలి, ఆ తర్వాత ఎవరికి అప్పజెప్పాలి?" దీనికి జవాబు మెయిల్‌లో రాయించుకోండి, లేదా మీరే "మనం అనుకున్నట్టు" అని రాసి పంపండి. ఇంకేమీ కలపకండి. నాలుగు కోరికలు కలిపి వెళ్ళినవాడికి నాలుగూ పోతాయి.

ఇన్‌చార్జ్‌గా మీ చేతిలో ఉన్నది ముందు మీ కిందివాళ్ళకి చేయండి. రోస్టర్ ముందే అంటించండి. షిఫ్టుల క్రమం మీ ఇష్టమైతే ఎ (ఉదయం) తర్వాత బి (మధ్యాహ్నం), బి తర్వాత సి వచ్చేలా ముందుకు తిప్పండి. వెనక్కి తిప్పితే శరీరానికి అలవాటు పడడం కష్టం. సి షిఫ్ట్ ఆఖరి రెండు మూడు గంటల్లో మీరు టీ మానేయండి, పడుకునే గదికి నల్లటి కర్టెన్ వేయించండి. ఇవన్నీ చేశాక కూడా రెండు మూడు వారాలు నిద్ర లేకపోతే, లేదా దేని మీదా ఆసక్తి లేకుండా పోతే అది ఆఫీసు విషయం అనుకుని కూర్చోకండి, డాక్టర్‌కి చూపించండి. టెలి మానస్ అని మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వ ఉచిత ఫోన్ లైను 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. మీకు చెప్పుకోవడానికి అక్కడ బావలెవరూ ఉండరు, అదే దాని సుఖం.

ఎప్పుడు మానేయాలి? పాపని ఆస్పత్రిలో చేర్చినరోజు కూడా సెలవు దొరకకపోతే. ప్రమాదం జరిగితే రిజిస్టర్‌లో రాయొద్దని చెప్తే. నలుగురి ముందు బూతులు మామూలైపోతే. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా సెక్షన్ మార్పు గురించి ఆలోచించకండి, ఎందుకంటే అది ఒక ఇన్‌చార్జ్ గుణం కాదు, పైనుంచి వస్తోంది. అప్పుడు కూడా చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా వదలొద్దు బాబూ. చంటిపిల్ల ఉన్న ఇంట్లో జీతం లేని నెలలు వేరే రకం నిద్రలేమి తెస్తాయి.

కొత్తచోటికి ఇంటర్వ్యూకి వెళ్తే వాళ్ళు చెప్పే పాలసీలు వినండి, కానీ రెండు అడగండి: ఈ పోస్టులో ముందున్నతను ఎక్కడికి వెళ్ళాడు, పోయిన నెల ఈ సెక్షన్‌లో వరసగా మూడు రోజులు సెలవు తీసుకున్నది ఎవరు. రెండోదానికి టక్కున పేరు చెప్తే మంచి గుర్తు. తర్వాత గేటు బయట టీ కొట్టు దగ్గర, షిఫ్ట్ దిగే టైముకి ఒక అరగంట నిలబడండి. రెండింటి షిఫ్ట్ దిగినవాళ్ళు ఎన్నింటికి బయటికి వస్తున్నారో చూస్తే చాలు.

మీ రోస్టర్ ఎన్ని రోజులకోసారి మారుతుందో, సి-ఆఫ్‌లు ఎన్ని బాకీ ఉన్నాయో కింద రాయండి. హెచ్ఓడీకి పంపాల్సిన మెయిల్ ఎలా ఉండాలో నేనే రాసి పెడతాను.